కొబ్బరి ఒలుపు మిషన్ని మళ్లీ మొదటి నుంచి చేయకండి: గోదావరి డెల్టా కాలేజీలకు ఒక లేత్ షాపు నుంచి బహిరంగ లేఖ

గోదావరి జిల్లాల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకు, మెకానికల్, ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ల మాస్టార్లకు, ఈ ఏడాది ప్రాజెక్టు చేయబోతున్న పిల్లలకు,

నమస్కారం.

నేను అంబాజీపేట దగ్గర లేత్, వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. ఐటీఐలో టర్నర్ ట్రేడు చదివాను. మీ కాలేజీల్లో చాలా వాటికి నా మొహం తెలియకపోవచ్చు గానీ, మీ పిల్లలు రివ్యూ రోజున స్టేజీ మీద పెట్టే మిషన్లలో కొన్ని మా షాపులోనే పుట్టాయి. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్లిన పది రోజులకి మా షాపు ముందు బైకులు ఆగడం మొదలవుతుంది. ఒక్కో బైకు మీద ముగ్గురేసి కుర్రాళ్లు, చేతిలో ప్రింటు తీసిన డ్రాయింగు. "అంకుల్, కొబ్బరికాయ ఒలిచే మిషన్ చెయ్యాలండి. మార్చిలో రివ్యూ ఉంది. ఎంతవుతుంది?" అంటారు. 20 ఏళ్లుగా ఇదే మాట వింటున్నాను. డ్రాయింగు కూడా ఇంచుమించు అదే. ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్లు, వాటికి మేకుల్లాంటి పళ్లు, ఒక మోటారు, గేరు బాక్సు, చైను, కింద ఇనుప ఫ్రేము. మా లెక్కల పుస్తకం తిరగేస్తే నా చేత్తో ఇప్పటికి 17 చేశాను. వాటిలో ఒక్కటి కూడా ఈ రోజు ఏ కొబ్బరి వ్యాపారి దగ్గరా పనిలో లేదు.

పిల్లల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లు కష్టపడతారు. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుని రాత్రి పదకొండు దాకా షాపులోనే ఉండి, గ్రైండింగు నిప్పురవ్వలకి చొక్కాలు కాల్చుకున్న వాళ్లున్నారు. నా బాధల్లా ఒకటే. పదిహేడో మిషన్ చేసిన పిల్లలకి ముందు పదహారూ ఎందుకు మూలపడ్డాయో తెలియదు. తెలుసుకుందామన్నా దారి లేదు.

ఒక రోజు జరిగింది చెబుతాను. మూడేళ్ల క్రితం నలుగురు పిల్లలు మిషన్ పూర్తి చేశారు. రివ్యూకి రెండు రోజులే ఉంది, అందరి మొహాల్లోనూ టెన్షన్. స్విచ్ వేశాం. మొదటి కాయ చక్కగా ఒలిచింది. రెండోది, మూడోది కూడా. ఐదో కాయకి పీచు రోలరు చివర షాఫ్టుకి చుట్టుకుని బేరింగు దాకా పాకింది. మోటారు మూలగడం మొదలెట్టింది. నేను కరెంటు తీసేసి చాకుతో పీచు కోస్తూ ఉంటే, మా వీధిలోనే ఉండే ఒలుపు బాబాయి టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. 40 ఏళ్లుగా కాయ ఒలవడమే ఆయన పని. నేలలో నిలువుగా పాతిన గునపం మీద కాయని ముచ్చిక వైపు పొడుస్తాడు, మణికట్టుతో ఒక మెలిక తిప్పుతాడు. మూడు పోట్లు, మూడు మెలికలు. డొక్క మూడు చెక్కలుగా విడిపోతుంది. మనం చూస్తూ ఉండగానే ఇంకో కాయ చేతిలోకి వచ్చేస్తుంది.

ఆయన ట్రేలో పడ్డ కాయ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంతా నున్నగా గీకేసింది. జుట్టేదయ్యా?" అన్నాడు.

పిల్లలకి అర్థం కాలేదు. అప్పుడు ఆయనే ఒక కాయ ఒలిచి చూపించాడు. మూడు కళ్లూ ఉన్న చోట గుప్పెడు పీచు వదిలేశాడు. కాయకి మెత్తటి చోటు ఆ కళ్లే. అక్కడ జుట్టు ఉంటేనే కాయ చెడకుండా నిలవుంటుంది. మన కాయ లారీ ఎక్కి ఉత్తరాదికి వెళ్లాలంటే రోజుల తరబడి ప్రయాణం. నున్నగా గీకిన కాయని లోడులో వేసుకోవడానికి వ్యాపారి ఒప్పుకోడు. "ఈ కాయ ఈ పూట పచ్చడికి బాగుంటుంది బాబూ, లోడుకి పనికిరాదు" అన్నాడు బాబాయి.

ఇంకో మాట కూడా చెప్పాడు. దింపిన కొద్ది రోజులకే ఒలిచే కాయ డొక్క వేరు, నెలల తరబడి అటక మీద ఆరబెట్టిన కురిడీ కాయ డొక్క వేరు. పచ్చి డొక్కలో పళ్లు సులువుగా దిగుతాయి గానీ పీచు సాగి చుట్టుకుంటుంది. ఎండు డొక్క పట్టు దొరక్క జారుతుంది, అదుముడు పెంచితే లోపల చిప్ప పగులుతుంది. కురిడీ గుండు పగలకుండా దక్కితేనే ధర. పైగా మన నాటు కాయల్లో ఒకే చెట్టువే రెండు సైజుల్లో ఉంటాయి. అంబాజీపేట పరిశోధనా కేంద్రం వాళ్లు ఇచ్చిన గోదావరి గంగ లాంటి హైబ్రిడ్ కాయ తీరు మళ్లీ వేరు. రోలర్ల మధ్య సందు ఒక్కటే పెట్టి అన్నిటినీ ఒలిపించాలంటే కుదరదు.

ఇదంతా పది నిమిషాల్లో, టీ తాగుతూ చెప్పాడు. ఆ పిల్లల రిపోర్టు అప్పటికే బైండింగుకి వెళ్లిపోయింది. అందులో ఎక్కడెక్కడి పరిశోధనలో వరసగా రాశారు, మంచిదే. కానీ కాయ ఒలిచే మనిషిని ఒక్క ప్రశ్న అడిగినట్టు ఎక్కడా లేదు. జుట్టు అన్న మాటే లేదు. మరుసటి ఏడు ఇంకో కాలేజీ పిల్లలు అదే డ్రాయింగు తెచ్చారు. "కిందటేడు ఇలాంటిదే చేశారు, ఆ రిపోర్టు ఒకసారి చూడండి" అని చెప్పి, చివరికి నేనే వాళ్లని వెంటబెట్టుకుని ఆ కాలేజీకి వెళ్లాను. బయటివాళ్లకి రిపోర్టులు చూపించడం కుదరదన్నారు. పోనీ మిషన్ అయినా చూపించండి అంటే, షెడ్డు ఖాళీ చేసినప్పుడు పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేశామన్నారు. ఆ రోలరుకి పళ్లు ఒక్కొక్కటీ నేను కూర్చుని వెల్డింగ్ చేశాను. నాకు బాధ కలిగింది డబ్బు గురించి కాదు. ఆ పళ్ల ఏటవాలులో మేం నేర్చుకున్నది ఉంది. తూకంలో అదీ పోయింది.

ఇక్కడే నేను అడగాలనుకున్నది ఉంది. ప్రతి బ్యాచీ ఒక కొత్త ప్రాజెక్టు చేయడం కాదు, ప్రతి పరికరానికీ ఒక పుస్తకం ఉండాలి. కొబ్బరి ఒలుపు మిషన్‌కి ఒకే పుస్తకం, డెల్టాలోని కాలేజీలన్నిటికీ కలిపి. ఏ ఏడాది ఎవరు ఏం మార్చారు, ఏం కొలిచారు, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది. వచ్చే ఏడాది పిల్లలు ఆ పుస్తకం ఆఖరి పేజీ నుంచి మొదలుపెట్టాలి.

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల సంగతి చెప్పింది. అక్కడ గనుల్లో ఊరే నీళ్లు తోడడానికి ఆవిరి ఇంజన్లు వాడేవారట. జేమ్స్ వాట్ పేటెంటు 1800లో తీరిపోయింది. దాని కోసం అప్పటిదాకా గనుల వాళ్లకీ వాట్ కంపెనీకీ మధ్య ఎడతెగని తగాదాలు. తరువాత 1811లో గనుల వాళ్లంతా కలిసి జోయెల్ లీన్ అనే ఆయనకి ఒక పని అప్పజెప్పారు. నెలనెలా ఏ గనిలో ఏ ఇంజన్ ఎంత బొగ్గు తిని ఎంత నీరు తోడిందో కొలిచి అచ్చు వేయడం. దాంతో పక్క గని ఇంజనీరు ఏం మార్చాడో, దానివల్ల ఎంత లాభం వచ్చిందో అందరికీ తెలిసేది. ఎవరూ మొదటి నుంచి మొదలెట్టలేదు. కొన్ని దశాబ్దాల్లో అదే బొగ్గుకి రెండింతలకి మించి పని రాబట్టారు. ఆ మాట విన్నాక నాకు చాలా రాత్రులు మా 17 మిషన్లే గుర్తొచ్చాయి. మాకూ నెలకో కాగితం ఉండి ఉంటే ఎంత దూరం వచ్చి ఉండేవాళ్లమో అనిపించింది.

అంత దూరం ఎందుకు, మన ధవళేశ్వరమే ఉంది. 1847లో పని మొదలెట్టి 1852లో ఆనకట్ట పూర్తి చేశారు. గోదావరి అడుగున రాయి లేదు, ఇసకే. ఆ ఇసక మీద కట్టడం ఎలా నిలబెట్టాలో ఆర్థర్ కాటన్ దొర కావేరి మీద చోళుల నాటి కల్లణై చూసి నేర్చుకున్నాడు. లోతు తెలియని ఇసకలో పునాది నిలిపే కిటుకు ఆ పేరు తెలియని పూర్వపు పనివాళ్ల దగ్గరే నేర్చామని తరువాతి రోజుల్లో ఆయనే రాశాడు. మనం దొర బొమ్మకి దండ వేస్తాం, అది న్యాయమే. ఆయన అంత ఒప్పుకోలుగా చెప్పిన ఆ మాట కూడా మన కాలేజీల్లో పిల్లలకి చెప్పాలని నా కోరిక. ఈ డెల్టాలో మనం తినే అన్నం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం వల్ల పండింది.

కొబ్బరి విషయంలోనే మనకంటే ముందు నడిచిన వాళ్లున్నారు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు కేరమిత్ర అని ఒక ఒలుపు పరికరం చేశారు. మోటారు లేదు, కరెంటు లేదు. రెండు ఇనుప మొనలు డొక్కలో దిగుతాయి, చేత్తో లివర్ నొక్కితే విడిపోతాయి. కణ్ణూరు జిల్లా చెంబేరిలో ఎం.జె. జోసెఫ్ అనే రైతు చెట్టెక్కే పరికరం చేశాడు. రెండు ఫ్రేములు, చెట్టు చుట్టూ ఉక్కు తీగ, మెట్లెక్కినట్టు ఒక కాలు తరువాత ఒక కాలు పైకి. 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు కొబ్బరి చెట్టు మిత్రులు అని శిక్షణ మొదలెట్టినప్పుడు ఇలాంటి పరికరాల మీదే వేలమందికి ఎక్కడం నేర్పారు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో కేరమిత్రని చేత్తో పట్టుకుని చూసిన వాళ్లు నాకు ఇద్దరే తగిలారు. దాన్ని ఒకటి కొని, విప్పి, మన కాయ మీద నడిపి, మన బాబాయి చేతికిచ్చి, ఆయన ఎక్కడ విసుక్కుంటున్నాడో రాసుకుంటే చాలు, సగం ప్రాజెక్టు అయిపోయినట్టే. ఉన్నదాన్ని కాపీ కొట్టామంటారని పిల్లలు భయపడతారు. ఉన్నదాన్ని బాగా ఎరిగి, దాని మీద ఒక్క అంగుళం ముందుకెళ్తే దానికి ఎక్కువ మార్కులు వెయ్యండి మాస్టారూ. ఆ భయం పోతుంది.

భీమవరం వైపు రొయ్యల చెరువుల సంగతీ ఇలాగే ఉంది. మా తమ్ముడు వరస అబ్బాయి అక్కడ ఏరేటర్లు, అంటే చెరువు నీళ్లని చిలికి గాలి కలిపే మిషన్లు, బాగుచేస్తాడు. 2009లో వనామి అనే రొయ్య రకానికి అనుమతి వచ్చాక చెరువులో ఏరేటరు లేనిదే పని జరగడం లేదు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్య, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి తినేస్తాయి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఆక్సిజన్ బాగా పడిపోతుంది. నాలుగు పీపీఎం (లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములు) కంటే తగ్గనివ్వకూడదని రైతులు టార్చి పట్టుకుని గట్ల మీద తిరుగుతారు. ఆ వేళ కరెంటు పోతే ఒక్క రాత్రిలో పంట పోతుంది. అందుకే మీ పిల్లలు ఆక్సిజన్ కొలిచే సెన్సారు, ఫోనుకి మెసేజీ, ఏరేటరు దానంతటదే ఆన్ అవడం, ఇలాంటి ప్రాజెక్టులు ఏటా చేస్తున్నారు. చాలా అవసరమైన పని. కానీ దాన్ని బకెట్ నీళ్లలో పెట్టి చూపిస్తారు. చెరువులో పెడితే కొద్ది రోజుల్లోనే సెన్సారు మొన మీద పాకుడు పడుతుంది, లెక్క తప్పుతుంది. తప్పు లెక్కని నమ్మిన రైతు ఏరేటరు ఆపుకున్నాడంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ పాకుడు సంగతి ప్రతి బ్యాచీ ఏప్రిల్‌లో కనిపెడుతుంది, మే నెలలో పాసై వెళ్లిపోతుంది. రాసిపెట్టి ఉంటే తరువాతి బ్యాచీ జూన్‌లోనే ఆ మొనని ఎలా తుడవాలా అన్న చోటి నుంచి మొదలుపెట్టేది. అలాగే ఉప్పునీటికి గేరు బాక్సు ఆయిల్ సీలు ఎన్ని నెలలకి పోతుంది, ఏ బోల్టు ముందు తుప్పు పడుతుంది, మోటారు వైరు ఎక్కడ ఒరుసుకుని నీళ్లలోకి కరెంటు లీకవుతుంది, ఇవన్నీ ఆ అబ్బాయికి కంఠతా వచ్చు. చెరువులో దిగి షాక్ కొట్టి పోయిన మనుషులున్నారు. అతని దగ్గర ఉన్నది ప్రాణాలు కాపాడే సమాచారం. ఏ కాలేజీ అతన్ని ఇంతవరకు పిలిచి కూర్చోబెట్టి అడగలేదు.

పనివాళ్ల దగ్గర నేర్చుకోండి అన్నప్పుడు ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రెండేళ్ల క్రితం కొందరు పిల్లలు పూతరేకుల మిషన్ చేస్తామని వచ్చారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ ఉత్సాహం. నాకు తెలిసిన ఒకావిడ ఇంటికి తీసుకెళ్లాను. బోర్లించిన కుండ, పక్కన చిల్లులోంచి ఎండు కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. క్షణంలో రేకు. వేడి సరిగ్గా ఉంటే రేకు అంచు దానంతటదే లేస్తుంది, ఎక్కువైతే చిల్లులు పడుతుంది. ఒక కొబ్బరాకు వెనక్కి లాగడం, ఒకటి లోపలికి తొయ్యడం, అదే ఆవిడ రెగ్యులేటరు. పిల్లలు ఫోన్లు తీసి వీడియో మొదలుపెట్టారు. ఆవిడ చెయ్యి ఆపేసింది. "ఇది చూసి మిషన్ పెడితే మా చేతిలో పనేముంటుంది బాబూ?" అని అడిగింది. పిల్లలు జవాబు చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేకపోయాను.

తరువాత కాసేపు కూర్చుని మాట్లాడాం. ఆవిడకి కావలసింది మిషన్ కాదు. ఆవిడ బాధల్లా పొగ. రోజంతా ఆ పొగలో కూర్చుని కళ్లు ఎర్రగా వాచిపోతాయి. పొగ బయటికి పోయేలా గొట్టం, మంట సెగ మోకాళ్లకి తగలకుండా ఒక అడ్డు, అంతే అడిగింది. ఆ పిల్లలు మిషన్ ఆలోచన వదిలేసి గొట్టమే చేశారు. మొదటిది పొగని బాగా లాగింది గానీ దాంతోపాటు మంటని కూడా లాగేసి కుండ ఒక పక్కే వేడెక్కింది. రెండోదానికి మూత పెట్టాం, గాలి తగ్గించుకోవడానికి. ఇప్పుడు ఆవిడ అదే వాడుతోంది. ఆ ప్రాజెక్టుకి మార్కులు తక్కువ వేశారు, ఇందులో ఇంజనీరింగ్ ఏముందని అడిగారట. నాకు తెలిసి ఈ 20 ఏళ్లలో మా షాపు నుంచి వెళ్లి రోజూ వాడకంలో ఉన్న స్టూడెంట్ ప్రాజెక్టు అదొక్కటే.

కాబట్టి అడిగే ముందు ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. చెప్పడం ఇష్టం లేనిది వదిలెయ్యండి. చెప్పినదానికి వాళ్ల పేరు రాయండి, వాళ్లు వద్దంటే తప్ప. వాళ్లు ఒక పూట మీతో కూర్చుంటే ఆ పూట కూలి ఇవ్వండి. ఒలుపు పని వెయ్యి కాయలకి ఇంత అని లెక్క. మా బాబాయి మీ పిల్లలతో గంట మాట్లాడితే ఆ గంట కాయలు ఒలవలేదు, ఆ డబ్బులు పోయినట్టే. అయినా ఇప్పటిదాకా ఆయన ఎవరినీ పైసా అడగలేదు. ఏ రిపోర్టులోనూ ఆయన పేరు కూడా రాలేదు. నా పేరూ రాలేదు, అది వేరే సంగతి. ఒకసారి రోలరుకి స్ప్రింగ్ పెట్టి సందు దానంతటదే సర్దుకునేలా నేను మార్చింది, ఒక కాలేజీ పోటీలో ప్రైజు తెచ్చుకుంది. పిల్లలు స్వీట్లు తెచ్చి పెట్టారు, సంతోషించాను. రిపోర్టులో మాత్రం ఆ స్ప్రింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. నా పేరు లేకపోయినా ఫరవాలేదు, కానీ ఆ స్ప్రింగ్ ఎందుకు పెట్టామో, ఎన్ని సార్లు తెగిందో రాయకపోవడం వల్ల తరువాతి వాళ్లు మళ్లీ అదే తెగే స్ప్రింగ్ వేశారు.

అందరికీ చూపిస్తే ఎవరో కొట్టేస్తారు అని కొందరు మాస్టార్లు నాతో అన్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. పసుపు గాయాలు మానుస్తుందని మన అమ్మమ్మలకి తెలిసిన సంగతి మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. రద్దు ఎలా అయింది? ఇది మాకు ముందే తెలుసు అని రాతపూర్వకంగా చూపించబట్టి. అందుకే తరువాత మన సంప్రదాయ వైద్యమంతా కంప్యూటర్లో ఎక్కించి ఒక డిజిటల్ గ్రంథాలయం కట్టారు. అంటే తేదీ వేసి బయటపెట్టిన రాత కూడా ఒక కాపలాయే. ఒకసారి అందరి ముందూ పెట్టిన విషయం మీద ఇంకొకడు కొత్తగా కనిపెట్టానని పేటెంటు తెచ్చుకోవడం కష్టం. నిజంగా కొత్తది ఏదైనా దొరికి, దాని మీద హక్కు కావాలనుకుంటే, పుస్తకంలో రాసే ముందే పేటెంటుకి ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసుకోండి. పూర్తి దరఖాస్తుకి 12 నెలల గడువు ఉంటుంది. ముందు బయటపెట్టేసి తరువాత వెళ్తే కొత్తదనం పోయిందంటారు. పిల్లలకి ఈ తేడా ఫైనల్ ఇయర్ మొదట్లోనే చెప్పాలి. మార్చిలో చెబితే లాభం లేదు.

ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు, తల్లి ఆసు పోసి పోసి, అంటే చీర నేసే ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పి తిప్పి, భుజాలు పట్టేస్తుంటే చూడలేక ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకి ఆ పని ఇంట్లోనే కనబడింది కాబట్టి ఎక్కడ నొప్పో తెలిసింది. మన కాలేజీల్లో చదివే పిల్లల్లో దింపు కార్మికుల పిల్లలు, లేసు అల్లే వాళ్ల పిల్లలు, రొయ్యల చెరువుల్లో కాపలా కాసే వాళ్ల పిల్లలు ఎంతమంది లేరు? ప్రాజెక్టు ఎంచుకునే రోజున "మీ ఇంట్లో ఏ పని చేస్తే నడుం నొప్పి వస్తుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. నెట్‌లో వెతికే పని ఉండదు.

పుస్తకం ఎలా ఉండాలో నాకు తోచింది చెబుతాను. తెలుగులోనే ఉండాలి, ఎందుకంటే మా లాంటి షాపుల వాళ్లు, బాబాయి లాంటి వాళ్లు చదవగలగాలి, లేకపోతే చదివించుకుని తప్పులు చెప్పగలగాలి. కాయ దింపి ఎన్ని రోజులైంది, పచ్చిదా ఎండుదా, ఏ రకం, వంద కాయల్లో ఎన్ని పగిలాయి, ఎన్నిటికి జుట్టు నిలిచింది, ఎంతసేపు పట్టింది, రోలర్ల సందు ఎంత, పళ్లు ఏ కోణంలో ఉన్నాయి, ఎక్కడ ఆగింది. వంద కాయలు ఒలవకుండా సక్సెస్ అని రాయడానికి వీల్లేదని ఒక నియమం పెట్టండి. ఐదు కాయలకి అన్ని మిషన్లూ బాగానే పనిచేస్తాయి. ఆగిపోయిన మిషన్ గురించి నిజాయితీగా రాసిన పిల్లలకి మార్కులు కోయకండి, ఇది చేతులు జోడించి అడుగుతున్నాను. మార్కులు పోతాయనే భయంతోనే వాళ్లు వీడియోలో బాగా ఒలిచిన కాయలు మాత్రమే ఉంచుతున్నారు. ఇక మిషన్ని తూకానికి ఇవ్వకండి. కాలేజీలో చోటు లేకపోతే మా షాపు వెనక రేకుల షెడ్డు ఉంది, అక్కడ పెట్టండి, అద్దె అక్కర్లేదు.

ఏ కాలేజీ ముందు పూనుకోవాలి, ఎవరి దగ్గర పుస్తకం ఉండాలి అనేది మీరే తేల్చుకోండి. అమలాపురం వాళ్లు మొదలెట్టినా, కాకినాడ వాళ్లు మొదలెట్టినా, భీమవరం వాళ్లు మొదలెట్టినా నాకు ఒకటే. ఒక్క కాలేజీ మొదలుపెడితే చాలు, రెండో కాలేజీ పిల్లల్ని నేనే పంపిస్తాను.

నా వంతుగా నా దగ్గరున్న నోటు పుస్తకాలు మూడు మీకు ఇస్తాను. 17 మిషన్ల కొలతలు, ఏ రోలరుకి ఎన్ని పళ్లు, ఎక్కడ పీచు చుట్టింది, ఏ బేరింగు ఎన్నాళ్లు నిలిచింది, నాకు వచ్చిన రాతలో రాసుకున్నాను. కొన్ని పేజీలకి గ్రీజు మరకలున్నాయి, కొన్ని బొమ్మలు సరిగ్గా లేవు. ఫొటోలు తీసుకోండి, తప్పులుంటే దిద్దండి, ఎవరికైనా ఇవ్వండి.

సంక్రాంతి తరువాత మొదటి ఆదివారం షాపుకి వేరే పని ఒప్పుకోను. పొద్దున్న తొమ్మిదికి రండి. పచ్చి కాయలు వంద, కురిడీ కాయలు వంద తెప్పించి ఉంచుతాను. ఒలుపు బాబాయి కూడా వస్తానన్నాడు. ఆయన రోజు కూలి ఎంతో ముందు రోజు ఫోన్ చేసి కనుక్కుని, వచ్చేటప్పుడు కవర్లో పెట్టి తీసుకురండి.

ఇట్లు,
అంబాజీపేట దగ్గర లేత్ షాపు నడుపుకునే మీ శ్రేయోభిలాషి